ఇండిపెండెంట్‌కి ఓటేస్తే మురిగిపోయినట్టేనా? మా దగ్గర ఒకాయన నిలబడతానంటున్నారు

చెరువుకట్ట_రాజు
మా పార్లమెంటు నియోజకవర్గంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వచ్చే ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడతానని ఇప్పటి నుంచే ఊళ్లు తిరుగుతున్నారు. మొన్న మా అరుగు మీద గంటసేపు కూర్చున్నారు. చేతిలో రూళ్ల నోటుబుక్కు. ఎడమ పేజీలో ఊరి పేరు, సమస్య. కుడి పేజీలో అది ఢిల్లీలో ఏ శాఖ కిందికొస్తుందో, ఎవరిని అడగాలో.

మా ఊరికి ఆయన రాసుకున్నది రైల్వే అండర్‌బ్రిడ్జి. గేటు తీసేసి అండర్‌బ్రిడ్జి కట్టారు. గట్టి వాన పడితే నడుము లోతు నీళ్లు. పోయిన వానాకాలం నొప్పులొచ్చిన అమ్మాయిని నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురం పట్టాలు దాటించాం. అంబులెన్స్ అవతలి పక్కనే ఆగిపోయింది. బిడ్డ క్షేమం. కానీ ఆ పది నిమిషాలు రైలు వస్తుందేమోనని పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా.

మా నాన్న మాత్రం "పెద్ద పార్టీవాళ్ల వల్లే కాలేదు, ఒంటరివాడు వెళ్లి ఏం ఒరగబెడతాడు, ఓటు మురగబెట్టుకోకు" అంటున్నాడు. నిజంగా ఒంటరివాడు ప్రభుత్వాన్ని ఏమైనా చేయించగలడా? తెలిసినవాళ్లు చెప్పండి.

మిర్చియార్డు_శీను
మీ నాన్నగారి మాట విను. 2024లో 543 సీట్లకు గెలిచిన ఇండిపెండెంట్లు ఏడుగురు. నిలబడ్డవాళ్లు 3,900 మందికి పైనే. ఇంకేం చెప్పాలి.

స్వప్న_సిరిసిల్ల
రాజు అడిగింది గెలుస్తాడా అని కాదు శీనూ, గెలిస్తే ఏం చేయగలడని. రెండూ కలిపేయకు.

మిర్చియార్డు_శీను
గెలవనివాడు ఏం చేస్తే ఏంటి మరి.

పాత_విలేకరి
రాజు నాన్నగారి తరంవాళ్లు మర్చిపోయారంటే ఆశ్చర్యంగా ఉంది. వావిలాల గోపాలకృష్ణయ్యగారు సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లారు. 1962లో, 1967లో ఇండిపెండెంట్‌గానే. వెనక పార్టీ లేదు, డబ్బు లేదు. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని ఏళ్ల తరబడి వెంటపడినవాళ్లలో ఆయన ముందుంటారు. అదే ఇవాళ్టి నాగార్జునసాగర్. ఆఫీసుల్లో తెలుగు వాడాలని పోరి పోరి, చివరికి 1974లో అధికార భాషా సంఘం పెడితే దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. ఒకటి నీళ్ల సంగతి, ఒకటి భాష సంగతి. రెండింటికీ ఆయన దగ్గరున్నది నోరూ, పట్టుదలే.

తెన్నేటి విశ్వనాథంగారు 1967లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంట్‌గా లోక్‌సభకు వెళ్లారు. అంతకు ముందు ఏడాదే ఉక్కు ఉద్యమం, కాల్పులు. 1970 ఏప్రిల్‌లో విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ పెడతామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. "లోక్‌పాల్", "లోకాయుక్త" అన్న మాటలు పుట్టించింది లక్ష్మీమల్ సింఘ్వీ. 1962లో జోధ్‌పూర్ నుంచి గెలిచిన ఇండిపెండెంట్ ఎంపీ.

గోదారి_గట్టు
విశాఖ ఉక్కు తెన్నేటిగారు ఒక్కరి వల్ల రాలేదండీ. 32 మంది ప్రాణాలు పోయాయి. మా పెదనాన్న అప్పుడు కాలేజీలో ఉన్నాడు. నవంబరు 1 కాల్పుల రోజు ఒకే చెప్పుతో ఇంటికొచ్చాడట, మా నాయనమ్మ చచ్చేదాకా చెప్పుకునేది. సభలో మాట్లాడిన ఒక్కడికి పేరంతా కట్టబెట్టడం నాకు నచ్చదు.

పాత_విలేకరి
మీరన్నది ఒప్పుకుంటాను. నేను రాసిన తీరులో ఆ లోపం ఉంది. వీధిలో ఉద్యమం లేకపోతే సభలో ఆయన గొంతుకు బలమెక్కడిది? అయితే కాల్పులు జరిగి మూడున్నరేళ్లకు గానీ ఆ ప్రకటన రాలేదు. ఆ మూడున్నరేళ్లు ఆ సంగతి చల్లారిపోకుండా లోపల ఒకరు అడుగుతూ ఉండాలి కదా.

లెక్కల_మాస్టారు
శీను ఇచ్చిన అంకెకు వెనకటి అంకెలు కలుపుతున్నా. 1952లో 37 మంది ఇండిపెండెంట్లు గెలిచారు. 1957లో 42. 1991కి వచ్చేసరికి ఒక్కరు. 2014లో ముగ్గురు, 2019లో నలుగురు, 2024లో ఏడుగురు. బికనీర్ నుంచి కర్ణీసింగ్ 1952 మొదలు వరసగా ఐదుసార్లు ఇండిపెండెంట్‌గా గెలిచారు.

స్వతంత్ర భారతంలో మొదటి అవిశ్వాస తీర్మానం పెట్టింది కూడా ఏ పార్టీలోనూ లేని ఆచార్య కృపలానీ. 1963 ఆగస్టు, నెహ్రూ ప్రభుత్వం మీద. అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347.

మిర్చియార్డు_శీను
347కి 62. ఓడిపోయాడుగా. నేను చెబుతోంది అదే.

లెక్కల_మాస్టారు
ఓడిపోతానని ఆయనకు ముందే తెలుసు నాయనా. అయినా చైనా యుద్ధం గురించి, పన్నుల గురించి ప్రధాని రోజుల తరబడి సభలో కూర్చుని వినాల్సి వచ్చింది, లేచి జవాబు చెప్పాల్సి వచ్చింది.

మిర్చియార్డు_శీను
సరే మాస్టారూ, పాత మహానుభావుల మీద నాకూ గౌరవమే. ఇప్పటి సంగతి చూడండి. ఇండిపెండెంట్ అంటే సగంమంది టికెట్ రాని రెబల్సే. గెలిచిన మర్నాడు కండువా కప్పుకుంటారు. ఝార్ఖండ్‌లో మధు కోడా ఇండిపెండెంట్ ఎమ్మెల్యేగా ఉండి 2006లో ఏకంగా ముఖ్యమంత్రి అయ్యాడు. చివరికి బొగ్గు కేసులో 2017లో శిక్ష పడింది. ఒంటరివాడికి కట్టుబాటు ఉండదు, అడిగేవాడూ ఉండడు. మా మండలంలో ఒకాయన్ని ఇండిపెండెంట్‌గా జడ్పీటీసీకి గెలిపించాం. చందాలేసుకుని మరీ. నేనే మూడువేలు ఇచ్చా. ఆర్నెల్లు తిరక్కుండా జీపెక్కి వెళ్లిపోయాడు. ఫోనెత్తడు.

స్వప్న_సిరిసిల్ల
అదీ సంగతి. మూడువేలు పోయిన బాధ శీనుది. ఇప్పుడర్థమైంది 🙂

మిర్చియార్డు_శీను
డబ్బు కాదక్కా. నలుగురిని ఒప్పించింది నేను. వాళ్ల మొహం చూడాలంటే ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది.

ప్లీడరు_గుమాస్తా
శీను చెప్పిన కండువా విషయానికి చట్టం ఉంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం, అంటే పదో షెడ్యూల్. ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు ఆ తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది. పార్టీ టికెట్ మీద గెలిచినవాళ్లకు విలీనం అనే దారి ఉంది, మూడింట రెండొంతుల మంది కలిస్తే. ఇండిపెండెంట్‌కు ఆ దారి కూడా లేదు. కాబట్టి రాజ్యాంగం ప్రకారం అతని మీద కట్టుబాటు ఇంకా ఎక్కువే.

చిక్కల్లా ఒకటే. బయటి నుంచి మద్దతిస్తున్నా, చేరలేదు అంటాడు. తేల్చాల్సింది స్పీకరు. తేలేసరికి పదవీకాలం అయిపోతుంది.

అతనికి విప్ లేదన్నది, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం లేదన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. పార్టీ ఎంపీ తన జిల్లాకు నష్టం చేసే బిల్లయినా విప్ వస్తే చెయ్యెత్తాల్సిందే, లేకపోతే సీటు పోతుంది. ఇండిపెండెంట్ తన మనసుకు తోచినట్టు ఓటేయొచ్చు.

గోదారి_గట్టు
మనసుకు తోచినట్టు అంటే డబ్బుకు తోచినట్టు కూడా కదా ప్లీడరు గారూ.

ప్లీడరు_గుమాస్తా
అవును. అందుకే మనిషిని చూసి ఓటేయాలి. ఇండిపెండెంట్ విషయంలో చూడ్డానికి మనిషి తప్ప వేరే ఏమీ లేదు.

పసుపుకొమ్ము
గెలవకపోయినా ప్రభుత్వాన్ని కదిలించొచ్చు. మా నిజామాబాద్ సంగతి చెబుతా.

2019లో పసుపుకూ, ఎర్రజొన్నకూ ధర లేక ధర్నాలు చేసి చేసి విసిగిపోయాం. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు రైతులే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు. మా మేనమామ కూడా వేశాడు. డిపాజిట్ 25,000, ఊరంతా తలా కొంత వేసుకున్నారు. ఇండిపెండెంట్ నామినేషన్‌కు పదిమంది ప్రతిపాదించాలి. గుర్తింపు ఉన్న పార్టీవాడికైతే ఒక్కరు చాలు. ఆ పది సంతకాలకు మా అత్తమ్మ పొద్దున్నే చేలగట్ల వెంబడి తిరిగింది. కొందరు పసుపు ఉడకబెడుతూ ఆ చేత్తోనే సంతకం పెట్టారు. కాగితం మీద మరకలు పడితే తీసుకోరేమోనని మళ్లీ ఇంకో కాగితం.

పోలింగ్ రోజు బూత్‌లోకి వెళ్తే ఒక మిషన్ కాదు, పన్నెండు. ఒక్కోదాని మీద 16 పేర్లు. టేబుళ్లు ఎల్ ఆకారంలో వేసి వరసగా పెట్టారు. మా నానమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెతుక్కుని నొక్కింది. ఆ ఒక్క నియోజకవర్గం కోసం కొత్త రకం మిషన్లు తెప్పించాల్సి వచ్చింది.

178 మందిలో ఒక్కరూ గెలవలేదు. కానీ ఆ ఎన్నికలో పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన అభ్యర్థి గెలిచారు. 2023లో కేంద్రం జాతీయ పసుపు బోర్డు ప్రకటించింది, 2025లో నిజామాబాద్‌లోనే మొదలైంది. మా మామ డిపాజిట్ పోయింది. పోతే పోయిందంటాడు.

మిర్చియార్డు_శీను
బోర్డు వచ్చింది, ధర వచ్చిందా అన్నా?

పసుపుకొమ్ము
అది ఏడాదికో రకం. అడగాల్సింది ఇంకా ఉంది. కాదనను.

ఫ్లోరైడ్_నేల
మీకంటే ముందు మేం చేశాం. 1996, నల్లగొండ. జలసాధన సమితి తరఫున, దుశర్ల సత్యనారాయణగారి నాయకత్వంలో. మొత్తం 480 మంది అభ్యర్థులు. అడిగింది కృష్ణా నీళ్లు, ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) పూర్తి చెయ్యమని. మా దగ్గర ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టి, కాళ్లు దొడ్డికాళ్లై, నలభై ఏళ్లకే నడుం వంగిపోయేది. మా చిన్నాన్న మెడ తిప్పలేడు, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు.

అప్పట్లో మిషన్లు లేవు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా నల్లగొండ వైపు చూసింది. తర్వాత ఏం చేశారో తెలుసా? లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచారు. ఇంకా తర్వాత 25,000. ఇంతమంది ఎందుకు నిలబడ్డారని అడగడం మానేసి, ఇంతమంది నిలబడకుండా చూసుకున్నారు. నాకు ఇప్పటికీ మండుతుంది.

ఎస్‌ఎల్‌బీసీ సొరంగం ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో లోపల కూలి ఎనిమిది మంది కూలీలు, ఇంజనీర్లు చిక్కుకుపోయారు. మేం అడిగి అప్పటికే దాదాపు ముప్పై ఏళ్లు.

స్వప్న_సిరిసిల్ల
మీ చిన్నాన్న గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మోడరేటర్
ఇప్పటి పార్టీల పేర్లతో గొడవకు దిగిన రెండు పోస్టులు తీసేశాను. రాజు అడిగినదాని మీదే మాట్లాడండి.

ఢిల్లీ_బస్తీ
నేను కొన్నేళ్లు ఒక ఎంపీ గారి దగ్గర ప్రశ్నలు తయారుచేసే పని చేశాను. పార్టీ పేరు అనవసరం. లోపల పని ఎలా జరుగుతుందో చెబుతా, రాజుకు పనికొస్తుంది.

చర్చల్లో మాట్లాడే టైము పార్టీ బలాన్ని బట్టి ఇస్తారు. ఇండిపెండెంట్‌కు రెండు మూడు నిమిషాలు, అదీ రాత్రి సభ ఖాళీ అయ్యాక. దాన్ని నమ్ముకుంటే ఏమీ కాదు. ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ పెట్టే బిల్లు కూడా అంతే. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి చట్టమైనవి 14, ఆఖరుది 1970లో.

కానీ ప్రశ్న అడగడానికి పార్టీ అక్కర్లేదు. అక్కడ అందరూ సమానం, లాటరీ తీస్తారు. లోక్‌సభలో రోజుకు స్టార్ ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి 20, రాతపూర్వక జవాబులిచ్చేవి 230. నోటులో పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. స్టార్ వాటిలో నోటితో జవాబు వచ్చేవి ఐదారే, మిగతావాటికి కాగితం మీద జవాబు. నా అనుభవంలో ఆ కాగితమే బంగారం. శాఖ తప్పు రాస్తే సభను తప్పుదారి పట్టించినట్టవుతుంది కాబట్టి అధికారులు భయపడి రాస్తారు. మామూలు ఉత్తరానికి "పరిశీలిస్తున్నాం" అని వచ్చేది, ప్రశ్నకు ఎంత మంజూరు, ఎంత ఖర్చు, ఎప్పటికి పూర్తి అని వస్తుంది.

ఇంకో సంగతి. మంత్రి "చూస్తాం, సమాచారం సేకరిస్తున్నాం" అంటే అది సభకిచ్చిన హామీ కింద రాసుకుంటారు. హామీల కమిటీ అని ఒకటి 1953 నుంచీ ఉంది. మూడు నెలల్లో తీర్చాలి, లేకపోతే పొడిగింపు అడగాలి. ఎంపీ దాన్ని వదలకుండా పట్టుకుంటే శాఖకు నిద్రపట్టదు. చాలామంది ఎంపీలు రెండో ఉత్తరం రాయరు.

మీ ఎంపీ కేంద్రమంత్రి అయితే ఇక ప్రశ్నలే అడగరు. మన ఎంపీ మంత్రయ్యాడని ఊరేగింపు తీసే ముందు అది కూడా ఆలోచించుకోవాలి.

గోదారి_గట్టు
నోటులో అంటే?

ఢిల్లీ_బస్తీ
సారీ, నోటీసు. ఫోన్లో టైపు చేస్తున్నా.

చెరువుకట్ట_రాజు
ఇవన్నీ నాకు కొత్త. మా అండర్‌బ్రిడ్జికి ఇది పని చేస్తుందా? అది లోకల్ సమస్య కదా, పార్లమెంటులో నవ్వరా?

ఢిల్లీ_బస్తీ
నవ్వరు. రైల్వే కేంద్రానిది. అడిగే తీరులో ఉంది. "మా ఊళ్లో నీళ్లు నిలుస్తున్నాయి" అంటే ఒక ఊరి గోడు. ఇన్ని జిల్లాల్లో గేట్లు తీసేసి ఎన్ని అండర్‌బ్రిడ్జిలు కట్టారు, అందులో నీళ్లు నిలుస్తున్నవి ఎన్ని అంటే అది దేశం సంగతి. మీ ఊరు అందులో ఒక లైను.

పాత_విలేకరి
అసలు ఆ గేట్లు తీసెయ్యడం వెనకే మన రాష్ట్రం కన్నీళ్లున్నాయి. 2014 జులైలో మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది, చిన్నపిల్లలు పోయారు. ఆ వార్త రాసిన రోజు నేను అన్నం తినలేదు. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరికల్లా తీసేశారు, అది మంచి పనే. అయితే గేటు స్థానంలో కట్టింది వానకు మునిగితే జనం మళ్లీ పట్టాల మీదికే ఎక్కుతారు. రాజు వాళ్లు ఎక్కినట్టే. గేట్లు తీసింది ప్రాణాలు కాపాడటానికి. మునిగే అండర్‌బ్రిడ్జి ఆ పనిని తిరగదోడుతోంది. మీ హెడ్మాస్టరు గారు ఈ మాట పట్టుకోవాలి.

స్వప్న_సిరిసిల్ల
ఇదే నేను చెప్పాలనుకుంది. ఊరి సమస్యా దేశ సమస్యా అని ఆయన నోటుబుక్కులో ఎడమ కుడి పేజీలు పెట్టుకున్నది అందుకే. ఆ మనిషికి పని తెలిసినట్టే ఉంది.

మిర్చియార్డు_శీను
ఆయన గెలిచాక ఫోనెత్తుతాడా అన్నది ఎలా తెలుస్తుంది?

ప్లీడరు_గుమాస్తా
గెలవకముందు ఏం చేశాడో చూడు. సమాచార హక్కు దరఖాస్తులు వేశాడా, పిటిషన్లు పెట్టాడా, జవాబులు దాచుకున్నాడా. హైదరాబాద్ వైపు పట్టభద్రుల స్థానం నుంచి ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ గారు ఇండిపెండెంట్‌గా శాసనమండలికి గెలిచారంటే, అప్పటికే ఆయన ఏం మాట్లాడతారో జనానికి తెలుసు కాబట్టి. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

లెక్కల_మాస్టారు
రాజుకు ఇంకో హెచ్చరిక. ఇండిపెండెంట్‌కు గుర్తు వచ్చేది నామినేషన్ల ఉపసంహరణ అయ్యాకే. అక్కడి నుంచి ప్రచారానికి మిగిలేది రెండు వారాలు. బ్యాలెట్‌లో గుర్తింపు ఉన్న పార్టీలు పైన, ఇండిపెండెంట్లు అన్నిటికంటే కింద. ఓటర్ల జాబితా గుర్తింపు పార్టీల అభ్యర్థులకు ఉచితం, ఈయన కొనుక్కోవాలి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. మీరు నిజంగా ఆయన వెంట ఉంటామనుకుంటే ఇప్పుడే ఊరికి ఇద్దరు చొప్పున మనుషులను చూసుకోండి. గుర్తు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే.

మిర్చియార్డు_శీను
నా మూడువేల సంగతి పక్కన పెట్టి ఒక మాట. ఆదివారం వెళ్లి ఆ నోటుబుక్కు మొత్తం చూపించమను రాజూ. మీ ఊరి పేజీ ఒక్కటి చూసి మురిసిపోకు. మిగతా ఊళ్ల పేజీలు కూడా అట్లాగే నిండి ఉంటే, ఈసారికి నేను నోరు మూసుకుంటా.

పసుపుకొమ్ము
శీనన్న ఇంత మెత్తబడటం ఈ వేదిక మీద ఇదే మొదటిసారి.

చెరువుకట్ట_రాజు
నిన్న వెళ్లొచ్చాను. ఆదివారం దాకా ఆగలేకపోయా. నోటుబుక్కులు ఒకటి కాదు, మూడు. 61 ఊళ్లు. కొన్ని పేజీల్లో సమస్య రాసి కుడివైపు ఖాళీగా ఉంది, "ఇది రాష్ట్రానిది, నేను చేయలేను, ఎమ్మెల్యేను అడగండి" అని పెన్సిల్‌తో రాశారు. చేయలేనని రాసుకున్న రాజకీయ నాయకుడిని నేను చూడలేదు. మూడో పుస్తకం వెనక ఆర్టీఐ జవాబులు, గంజితో అంటించారు. ఒకటి మా అండర్‌బ్రిడ్జిదే, రెండేళ్ల కిందటిది. "నీరు తోడే మోటారు ఏర్పాటు చేయబడినది" అని ఉంది. మోటారు మేమెవరం చూడలేదు.

మా నాన్న ఆ కాగితం చదివి చాలాసేపు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. ఓటు సంగతి ఏమీ చెప్పలేదు.

మీరన్నట్టు ఒక ప్రశ్న రాశాం. చూసి దిద్దండి:

ఎ) గత ఐదేళ్లలో రైల్వే గేట్ల స్థానంలో జిల్లాల వారీగా ఎన్ని అండర్‌బ్రిడ్జిలు కట్టారు;
బి) వాటిలో వర్షాకాలంలో నీరు నిలిచి రాకపోకలు ఆగుతున్నవి ఎన్ని;
సి) ఎన్నింటికి నీరు తోడే మోటార్లు పెట్టారు, అవి పనిచేస్తున్నాయా.

ఢిల్లీ_బస్తీ
బాగుంది. 150 మాటలు దాటకూడదు, మీది చాలా లోపలే ఉంది. "పనిచేస్తున్నాయా" అని అడిగితే "పనిచేస్తున్నవి" అని రాసేస్తారు. చివరిసారి ఎవరు, ఏ తేదీన తనిఖీ చేశారని అడగండి. ఆయన గెలిచేదాకా ఆగక్కర్లేదు కూడా. ఇప్పుడున్న ఎంపీ గారికే ఇచ్చి రండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.

చెరువుకట్ట_రాజు
తేదీ చేర్చాను. రేపు పొద్దున్న బస్సుకు నాన్న కూడా వస్తానన్నాడు.